రైలు టైముకి డబ్బా కాఫీ

రాత్రే డికాషన్ తీసి పెట్టుకోవచ్చు కదా అంటుంది అమ్మ ఫోన్లో. నిజమే, కానీ టోక్యోలో ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి పది దాటితే ఫిల్టర్ ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఈ జనవరిలో రెండు వారాలు నిషి కసాయ్ స్టేషన్ దారిలో వెండింగ్ మెషిన్ క్యాన్ కాఫీతోనే నెట్టుకొచ్చాను.

బటన్ దగ్గర ఎర్ర పట్టీ ఉంటే వేడిది, నీలం పట్టీ ఉంటే చల్లది. జపనీస్ రాకపోయినా ఇదొక్కటి చూసుకోండి, మొదటి రోజు నేను చూసుకోక ఆ చలిలో ఐసులాంటి క్యాన్ పట్టుకుని నిలబడ్డాను. ధర 150 యెన్లు, అటూ ఇటూ.

బ్లాక్ కాఫీ నాకు అస్సలు ఎక్కలేదు. నేను తాగినదాని పేరు చెప్పను గానీ, చల్లారిన డికాషన్‌లో నీళ్లు పోసి ఇనప గరిటెతో తిప్పినట్టుంది. నిల్వ ఉండాలని క్యాన్‌ని గట్టిగా వేడి చేస్తారు కదా, ఆ తాజా పొడి వాసన అక్కడే పోతుంది, పాలూ చక్కెరా లేకపోతే ఆ లోటు కప్పిపెట్టేది ఏదీ ఉండదు.

పాలు కలిపినవి మాత్రం వేరే లెక్క. యూసీసీ వాళ్ల మూడు రంగుల క్యాన్ 1969 నుంచీ ఉంది. ఆ కంపెనీ పెట్టిన ఉయెషిమా తదావో ఒకసారి స్టేషన్‌లో సీసాలో పాల కాఫీ తాగుతుంటే రైలు బయల్దేరే గంట మోగిందట, సీసా కొట్టువాడికి తిరిగివ్వాలి కాబట్టి సగంలో వదిలేసి పరిగెత్తాడట, డబ్బాలో పోస్తే ఈ బాధ ఉండదు కదా అని అప్పుడు తట్టిందట. రోజూ అదే పరుగు పరిగెత్తే నాకు ఈ కథ బాగా నచ్చింది. రుచి మన రైల్లో అమ్మే కాఫీకి దగ్గర, తీపి కాస్త ఎక్కువ. ఇది తీపే అనుకుంటే జార్జియా మ్యాక్స్ కాఫీ చూడాలి, అందులో వేసేది కండెన్స్‌డ్ మిల్క్, కాఫీ అనుకుని కాకుండా పాయసం అనుకుని తాగితే బాగుంటుంది.

ఇంకోటి, క్యాన్ వెనక్కి తిప్పి చూడండి. 100 గ్రాములకి 5 గ్రాములు, ఆపైన గింజలు వాడితేనే "కాఫీ" అని రాస్తారు, అంతకన్నా తగ్గి 2.5 గ్రాముల వరకు ఉంటే "కాఫీ పానీయం" అంటారు.

ఇప్పుడు రోజుకి రెండు కొంటున్నాను, ఒకటి తాగడానికి, ఒకటి కోటు జేబులో చేతులు కాచుకోవడానికి. ఎండలు ముదిరితే ఎర్ర పట్టీలు దాదాపు మాయమై మెషిన్లన్నీ నీలం అయిపోతాయి, అప్పుడు మళ్లీ ఫిల్టరే గతి.