రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్‌తో రెండేళ్లు: పెళ్లిళ్ల సీజన్ అంతా గుర్రంలా పరిగెత్తింది, ఆషాఢంలో మొండికేసింది

నా కంప్యూటర్ పని చేస్తూ చేస్తూ ఒక్కసారీ ఆగలేదు. ఆగినప్పుడల్లా ఖాళీగానే ఉంది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. మధ్యలో ఒక కొత్త ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల కరెంటు అందించే డబ్బా), ఒక యూపీఎస్ బ్యాటరీ, ఎర్తింగ్ గుంటలోకి ఒక బస్తా ఉప్పు ఖర్చయ్యాయి.

నేను ఖమ్మంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్క్ తెచ్చి పడేస్తారు, రెండు గంటల సినిమా చేసి ఇవ్వాలి. 2019లో కొన్న రైజెన్ 5 2600 ప్రాసెసర్‌ను బీ450 మదర్‌బోర్డు మీద నాలుగేళ్లు నడిపాను. ఒక పెళ్లి ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసినదాన్ని వీడియో ఫైలుగా తీయడం) పెడితే 3 గంటల 10 నిమిషాలు. రాత్రి పెట్టి పడుకునేవాణ్ణి. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల బజారు సీటీసీకి వెళ్లి 5700ఎక్స్ తెచ్చుకున్నాను. బోర్డు మార్చలేదు, ర్యామ్ మార్చలేదు. పాత బీ450 బోర్డుల మీద 5000 సిరీస్ ప్రాసెసర్లు నడవనివ్వబోమని రైజెన్ తయారుచేసే ఏఎండీ 2020 మేలో ముందు చెప్పింది. జనం గోల చేస్తే అదే నెలలో మాట మార్చుకుంది. ఆ గోల చేసినవాళ్లెవరో కానీ వాళ్ల పుణ్యమా అని నాకు బోర్డు, ర్యామ్ డబ్బులు మిగిలాయి.

బిగించే ముచ్చట క్లుప్తంగా చెప్తాను. బయోస్ (బోర్డును లేపి నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి, కొత్తది పెట్టాక చేద్దామంటే బోర్డు దాన్ని గుర్తుపట్టదు. కరెంటు పోతే బోర్డు రాయి అయిపోతుందని ఇన్వర్టర్ మీద పెట్టి, ఆ నాలుగైదు నిమిషాలు ఫ్యాన్ కూడా ఆపేసి కూర్చున్నాను. ఇంకొక టెన్షన్ కూలర్ తీయడం. ఏఎం4 అనే ఈ సాకెట్ రకంలో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. నాలుగేళ్ల పేస్టు ఎండి గట్టిపడి ఉంటుంది కాబట్టి, కూలర్ నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్ లోంచి ఊడి దానితోపాటు వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. అందుకని ముందు పావుగంట ఏదో బరువైన పని పెట్టి వేడి చేసి, ఆపేసి, స్క్రూలు విప్పి, కూలర్‌ను అటూ ఇటూ తిప్పుతూ వదులు చేసి తీశాను. 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు. పాత 2600తో వచ్చిన చిన్న కూలర్ దీనికి చాలదనిపించి ఒక ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ విడిగా కొన్నాను.

అదే పెళ్లి ప్రాజెక్టు మళ్లీ పెడితే 1 గంట 46 నిమిషాలు! ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే. ఇక్కడితో ఆగి ఉంటే ఈ సమీక్ష నాలుగు లైన్లలో అయిపోయేది.

ఆగలేదు. 2600 రోజుల్లో అన్ని కోర్లనూ (ప్రాసెసర్ లోపల విడివిడిగా పని చేసే భాగాలు) 3.9 గిగాహెర్ట్జ్‌కి కట్టేసి నడిపిన అలవాటు నాది. దీన్ని కూడా అలాగే 4.5 దగ్గర కట్టేశాను. ఎక్స్‌పోర్ట్ సమయం కొంచెం తగ్గింది, కానీ టైమ్‌లైన్ మీద క్లిప్పులు అటూ ఇటూ జరుపుతుంటే మునుపటికంటే బరువుగా అనిపించింది. కారణం తర్వాత తెలిసింది. ఈ ప్రాసెసర్ ఒకటి రెండు కోర్లకే పని ఉన్నప్పుడు తనంతట తానే 4.6 దాకా ఎగురుతుంది. నేను 4.5 దగ్గర కట్టేసి ఆ ఎగిరే గుణాన్నే తీసేశాను. పైగా మే నెల ఖమ్మం ఎండ. గదిలో ఏసీ లేదు, నీళ్ల కూలరే. వేడి 88 డిగ్రీలకు పోయింది. దీని హద్దు 90.

అప్పుడు దొరికింది బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగు. నిజం చెప్పాలంటే ఈ సమీక్ష రాస్తున్నదే దీని గురించి. మామూలు ఓవర్‌క్లాకింగ్‌లో వేగం పెంచడానికి వోల్టేజి పెంచుతాం. ఇక్కడ తగ్గిస్తాం! ఒక్కో వేగానికి ఇంత వోల్టేజి అని ఫ్యాక్టరీలో రాసి పెట్టిన లెక్క ఒకటి ప్రాసెసర్‌లో ఉంటుంది. ఎంత నాసిరకం ముక్కయినా నడవాలని అందులో కాస్త ఉదారంగా వడ్డిస్తారు. ఆ ఎక్కువ వడ్డనను మైనస్ 30 వరకు కోసుకోవచ్చు. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. 5700ఎక్స్‌కి మొత్తం 76 వాట్ల హద్దు ఉంది. తక్కువ వోల్టేజితో నడిస్తే ఆ 76 వాట్లలోనే ఇంకొంత వేగం ఇముడుతుంది. ఆ మిగులును ప్రాసెసరే చూసుకుని వేగం పెంచుకుంటుంది. ఆడపిల్ల పెళ్లికి పెట్టుకున్న బడ్జెట్‌లో షామియానా దగ్గర మిగిల్చి ఒక కూర ఎక్కువ పెట్టించినట్టు.

అన్ని కోర్లకూ మైనస్ 25 పెట్టాను. సినీబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రామ్ అరగంట తిప్పాను, పాసైంది. రాత్రంతా ఎక్స్‌పోర్టులు, పాస్. వాట్ల హద్దు కూడా 95కి పెంచాను. దానికంటే పెంచితే బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం 95 డిగ్రీలు దాటుతోంది, నాది చవక బోర్డు, అందుకని అక్కడ ఆపాను. ఎక్స్‌పోర్ట్ 1 గంట 37 నిమిషాలకు దిగింది. తెలిసిన ఎడిటర్లందరికీ ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరికి నేనే పెట్టించాను కూడా. ఆ జ్యేష్ఠ మాసం ముహూర్తాల్లో పద్దెనిమిది పెళ్లిళ్లు ఇచ్చాను, ఒక్కసారి తడబడితే ఒట్టు.

జూన్ 19న ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు లేవు, పని లేదు. కంప్యూటర్‌లో పాటలు పెట్టుకుని పాత ఫైళ్లు సర్దుకుంటున్నాను. తెర నల్లబడి, మళ్లీ మొదటి నుంచి లేచింది. కరెంటు అనుకున్నాను. రెండు రోజుల తర్వాత అన్నం తినడానికి లేచి వెళ్లి వచ్చేసరికి లాగిన్ తెర కనిపిస్తోంది. మళ్లీ కరెంటే అనుకున్నాను. బయట ఈదురు గాలి, వాన, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మెరుపులు. ఎవరైనా అదే అనుకుంటారు.

విండోస్‌లో ఏ తప్పులు జరిగాయో చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే పైన ఎర్రగా కెర్నల్ పవర్ 41 అని ఉంది. పవర్ అని ఉంది కదా, మా బావమరిది ఖాయం చేసేశాడు. “బావా, ఇది ఎర్తింగే” అన్నాడు. ఆ 41కి అర్థం సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. మాకేం తెలుసు? ఎర్తింగ్ గుంట తవ్వి ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోశాం. యూపీఎస్ బ్యాటరీ మార్చాను. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దాను. వారానికి మూడు నాలుగు సార్లు ఆగుతూనే ఉంది. ఆ ఏడాది అధిక శ్రావణం కూడా వచ్చి పడింది. ఆషాఢం, అధిక మాసం కలిపి ఆగస్టు సగం దాకా ముహూర్తాలు లేవు. ఖాళీ రోజులు పెరిగే కొద్దీ ఆగడాలూ పెరిగాయి. ఆ సంబంధం మాత్రం నాకు తట్టలేదు.

చివరికి ఊళ్లో ఒక రిపేరు షాపులో ఇచ్చాను. అక్కడతను విప్పి, శుభ్రం చేసి, బోర్డు మీద చిన్న బ్యాటరీ తీసి మళ్లీ పెట్టి, ఎస్‌ఎంపీఎస్ పోయిందని చెప్పి కొత్తది వేశాడు. మూడు రోజులు అక్కడే ఆన్‌లో ఉంచాడు, ఒక్కసారి కూడా ఆగలేదట. ఎస్‌ఎంపీఎస్‌కి నాలుగు వేల ఎనిమిది వందలు ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాను. బ్యాటరీ తీస్తే బయోస్ సెట్టింగులు పోతాయి కదా, కూర్చుని మైనస్ 25 మళ్లీ పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే ఆగింది.

అప్పుడు వెలిగింది. అతని దగ్గర ఆగకపోవడానికి కారణం కొత్త ఎస్‌ఎంపీఎస్ కాదు, నా మైనస్ 25 లేకపోవడం! అతణ్ణి తప్పుబట్టడానికి కూడా లేదు, నేను ఓవర్‌క్లాక్ చేశానని చెప్పనే లేదు. ఎందుకు చెప్పలేదంటే, తిడతాడని. నలభై ఏళ్ల వయసులో.

ఈసారి ఈవెంట్ వ్యూయర్‌లో 41ని వదిలేసి మిగతావి చదివాను. ప్రతిసారీ లేచిన వెంటనే డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ 18 అని హార్డ్‌వేర్ తప్పు ఒకటి పడుతోంది. ప్రాసెసర్ కోర్‌లో క్యాష్ హైరార్కీ ఎర్రర్, కింద ఏపీఐసీ ఐడీ 4 (ఏ థ్రెడ్‌లో తప్పొచ్చిందో చెప్పే నంబరు) అని ఉంది. ఒక్కో కోర్‌కి రెండు థ్రెడ్లు (పని వరుసలు) కాబట్టి ఆ అంకెను రెండుతో భాగించాలి, అంటే కోర్ 2. వెంటనే బయోస్‌లోకి వెళ్లి రెండో కోర్‌కి కోత తగ్గించాను. మళ్లీ ఆగింది. ఎందుకంటే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, కోర్ 2 అంటే వరుసలో మూడోది. నేను పాపం కోర్ 1ని శిక్షించాను.

మరి అరగంట సినీబెంచ్‌లో పాసైంది, పాటలు వింటుంటే ఎందుకు పడిపోయింది? అన్ని కోర్లూ కలిసి పని చేసేటప్పుడు వాట్ల హద్దు వల్ల వేగం 4.2, 4.3 దగ్గరే ఉంటుంది. ఆ వేగంలో వోల్టేజి కొంత కోసినా నిలబడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఏదో చిన్న పనికి ఒకే కోర్ నిద్ర లేచి ఒక్క ఉదుటున 4.6కి ఎగురుతుంది. అంత వేగంలో ప్రతి మిల్లీవోల్టూ కావాలి. నేను 25 అంకెలు కోసేశాక మిగిలిన వోల్టేజి అక్కడ చాలలేదు. పైగా అలా ఎగరడానికి ప్రాసెసర్ ఎక్కువసార్లు పిలిచేది దాని దృష్టిలో మేలైన కోర్‌నే. నా దాంట్లో అది కోర్ 2. మంచి కోర్ కాబట్టి ఎక్కువ కోసినా ఓర్చుకుంటుందనుకుంటాం. కానీ ఫ్యాక్టరీ లెక్కలోనే దానికి వడ్డన తక్కువ, ఇంకా కోస్తే ఆకలితో పడిపోతుంది.

దీనికి అసలు పరీక్ష కోర్‌సైక్లర్ అనే చిన్న స్క్రిప్టు. ప్రైమ్95 అనే బరువైన లెక్కల ప్రోగ్రామ్‌ను ఒక్కో కోర్ మీద విడివిడిగా నడుపుతుంది, కాబట్టి ప్రతి కోర్ తన పూర్తి వేగం చూపించి తీరాలి. రాత్రి పెట్టి పొద్దున్నే చూసేవాణ్ణి. మొదటి రాత్రి కోర్ 2తోపాటు కోర్ 5 కూడా ఫెయిల్. ఫెయిలైన దానికి రెండు మూడు అంకెలు తగ్గించడం, మళ్లీ రాత్రికి పెట్టడం. పదకొండు రాత్రులు పట్టింది. చివరికి కోర్ 2కి మైనస్ 8, కోర్ 5కి మైనస్ 12, మిగతావాటికి 18 నుంచి 22 మధ్య. నిజ శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేసరికి కుదిరింది. ఎక్స్‌పోర్ట్ సమయం 1 గంట 38 నిమిషాలు. అంటే మైనస్ 25తో పోలిస్తే ఒక్క నిమిషం పోయింది!

ఆ తర్వాత 2024 వేసవిలో మూఢం వచ్చి మే, జూన్ నెలల్లో పెళ్లిళ్లు లేవు. మళ్లీ ఖాళీ. ఒక్కసారి కూడా ఆగలేదు. అందుకే పోయిన సంవత్సరం ఎవరైనా అడిగితే కళ్లు మూసుకుని పెట్టుకోమనేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. డిసెంబర్ చలిలో ఒక తెల్లవారుజామున మళ్లీ ఆగింది, మళ్లీ కోర్ 2. ప్రాసెసర్ చల్లగా ఉంటే ఇంకొంచెం ధైర్యంగా ఎగురుతుంది, ఎండాకాలంలో పాసైన అంకె చలికాలంలో చాలకపోవచ్చు. మైనస్ 6 చేశాను. మధ్యలో ఒకసారి బయోస్ అప్‌డేట్ చేస్తే అంకెలన్నీ ఎగిరిపోయి, మళ్లీ ఎక్కించుకోవాల్సి వచ్చింది. మేలో వాట్ల హద్దును తిరిగి 76కి దించుతాను, దసరా తర్వాత 95. కొని పెట్టేసి మర్చిపోయే సరుకు కాదిది, ఆవకాయ జాడీలా అప్పుడప్పుడూ చూసుకోవాలి.

కాబట్టి నా మాట నా పరిస్థితికే. పాత ఏఎం4 బోర్డు ఉండి, ఎక్స్‌పోర్ట్ ప్రాసెసర్ మీదే చేసేవాళ్లకు 5700ఎక్స్ ఇప్పటికీ డబ్బుకు తగినదే అనుకుంటున్నాను. గ్రాఫిక్స్ కార్డు మీద ఎక్స్‌పోర్ట్ చేసుకునేవాళ్లకు నేను చెప్పినంత తేడా కనిపించదు. గేమ్స్ కోసమైతే నా అనుభవం ఎందుకూ పనికిరాదు, నేను ఆడను. ఓవర్‌క్లాకింగ్ సంగతికొస్తే, ప్రాసెసర్ మార్చడం వల్ల నాకు 84 నిమిషాలు మిగిలాయి, ఈ తతంగమంతా పడి ఇంకో 8 నిమిషాలు. సీజన్‌లో నెలకు ఇరవై పెళ్లిళ్లు చేస్తే ఆ 8 కూడా లెక్కే, నెలకు నాలుగు చేసేవాళ్లకు కాదు. ఇంకో సంగతి, పీబీఓ (వాట్ల హద్దు, కర్వ్ ఆప్టిమైజర్ ఉండే బయోస్ సెట్టింగు) వాడటం వల్ల వచ్చే నష్టానికి వారంటీ వర్తించదని ఏఎండీనే చెబుతుంది. బయోస్‌లో ఆ హెచ్చరిక పేజీకి ఒప్పుకున్నాకే లోపలికి పోనిస్తుంది. నేను రెండో ఆలోచన లేకుండా ఒప్పుకున్నాను. అప్పుడు చదవలేదు, తర్వాత చదివాను.

మైనస్ 25 పెట్టించిన ఆ ఇద్దరికీ ఫోన్ చేశాను. ఒకాయనది ఇప్పటికీ అదే అంకె మీద నడుస్తోంది, ఒక్కసారీ ఆగలేదట, ఆయన ముక్క మంచిది. ఇంకొకాయన అప్పటికే యూపీఎస్ మార్చేశాడు.

నా క్యాబినెట్ తలుపు లోపలివైపు ఒక పెళ్లి శుభలేఖ వెనుక భాగం అంటించి ఉంది. ఎనిమిది కోర్ల అంకెలు వరుసగా రాసుకున్నాను. కోర్ 2 దగ్గర ఇప్పటికి మూడు కొట్టివేతలు. పక్కన ఇంకొక అంకెకు చోటు ఉంచాను.