కూలెంట్ ట్యాంకు: ఇంట్లో మార్చుకోవాలా, షెడ్డుకు తీసుకెళ్లాలా?

మే నెల ఎండలో ఒంగోలు వెళ్తుంటే, కావలి దాటాక టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. బండి పక్కకు తీసి బానెట్ ఎత్తితే, ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం (కూలెంట్) ఉండే ట్యాంకు అతుకు దగ్గర వెంట్రుకంత పగులు, దాని కింద ఎండిపోయిన పచ్చటి చార. పదేళ్ల ప్లాస్టిక్, వేడికి పెళుసెక్కింది.

ఖర్చు: ట్యాంకు, కూలెంట్ ఎలాగూ కొనాల్సిందే. ఇంట్లో చేస్తే మిగిలేది కూలి ఒక్కటే.

శ్రమ: చాలా కార్లలో రెండు మూడు బోల్టులు, రెండు మూడు గొట్టాలు, అంతే. అసలు పని ఆ తర్వాతే. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోసి, ఇంజన్ ఆన్ చేసి, లోపలి గాలి పోయేదాకా కాచుకోవాలి. మన బోరు నీళ్లు మాత్రం పోయకండి, లోపల ఉప్పు పేరుకుంటుంది. షెడ్డులో మనకు ఏ శ్రమా లేదు, కానీ మెకానిక్ ఖాళీగా దొరకాలిగా!

రిస్కు: ఇంట్లో అయితే తొందరపడి వేడి మీద మూత తిప్పడం. ఆవిరి మొహానికే కొడుతుంది. పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి. కింద బేసిన్ పెట్టండి, కూలెంట్ తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం. షెడ్డులో రిస్కు వేరే రకం: కూలెంట్ బదులు పంపు నీళ్లు పోసి పంపేస్తారు. నాకు ఒకసారి జరిగింది, అప్పటినుంచి దగ్గరుండే చూసుకుంటున్నా.

పగులు ట్యాంకుకే ఉండి, చెయ్యి సులువుగా అందుతుంటే ఆదివారం పొద్దున్నే ఇంట్లో మార్చేయొచ్చు. ముల్లు ఎర్ర గీత తాకినా, కొత్త ట్యాంకు పెట్టాక కూడా మట్టం తగ్గుతున్నా షెడ్డుకే. అదీ నడుపుకుంటూ కాదు, లాగించుకుని.