గోముఖా, పిండారీయా: హిమానీనదం చూడాలంటే ఏది మేలు?

మంచును దగ్గరగా చూడాలనుకుంటే గంగోత్రి హిమానీనదం కొస అయిన గోముఖ్. దారి పొడవునా అడవి, పిట్టలు కూడా కావాలంటే పిండారీ. రెండూ ఉత్తరాఖండ్‌లోనివే అయినా నడకలో పోలిక లేదు.

గంగోత్రి నుంచి గోముఖ్ 18 కిలోమీటర్లు. 14 కిలోమీటర్ల దగ్గర భోజ్‌బాసాలో రాత్రి పడుకుని, మిగతా 4 తెల్లవారాక నడుస్తారు. దారి మరీ నిలువు కాదు, చిక్కంతా ఎత్తుతోనే. ఉత్తరకాశి సుమారు 1,150 మీటర్లు, గంగోత్రి సుమారు 3,100. కారులో ఒక్క పూటలో ఇంతెత్తు ఎక్కేసి మర్నాడే నడక మొదలుపెడితే, భోజ్‌బాసా చేరేసరికి తలనొప్పి, వాంతులు పట్టుకోవచ్చు. గంగోత్రికి ముందొచ్చే హర్సిల్‌లోనో, గంగోత్రిలోనో ఒక రోజు ఆగండి. తలనొప్పితో పాటు అడుగు తూలుతుంటే మాత్ర మింగి ముందుకెళ్లొద్దు, వెంటనే దిగిపోవాలి. భోజ్‌బాసాకు ముందే, చీర్‌బాసా దాటాక గీలా పహాడ్ దగ్గర పైనుంచి రాళ్లు దొర్లుతాయి. అక్కడ ఫోటోల కోసం నిలబడకండి.

గోముఖ్‌లో తెల్లటి మంచుకొండ ఉంటుందనుకుంటే నిరాశే. పైనంతా మట్టి, బండలే. తెగిన అంచులో మాత్రం బూడిద కలిసిన నీలిరంగు మంచుగోడ, దాని అడుగు నుంచి బురదనీళ్లతో భాగీరథి. ఎండకు మంచు కరిగేకొద్దీ అందులో ఇరుక్కున్న రాళ్లు టపటపా రాలతాయి, ఒక్కోసారి గోడ ముక్కే విరిగిపడుతుంది. గోడ కిందికి వెళ్లకుండా కాస్త ఎడంగా నిలబడే చూడాలి.

పిండారీకి బాగేశ్వర్ జిల్లా ఖర్కియా నుంచి దాదాపు 28 కిలోమీటర్లు: ఖాతీ, ద్వాలీ, ఫుర్కియా, ఆపైన దారి ముగిసే జీరో పాయింట్. రానుపోను ఐదారు రోజులు. ఖాతీ 2,200 మీటర్లే కాబట్టి ఎత్తు మెల్లగా పెరుగుతుంది, ఒంటికి అలవాటు పడే తీరిక దొరుకుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు, సెలవు ఉంటే, మా ఓటు దీనికే. కాకపోతే జీరో పాయింట్ నుంచి మంచు దూరంగానే కనిపిస్తుంది. అక్కడ లోయ అంచు విరిగి పడుతుంటుంది, కొసకు వెళ్లొద్దు. పొద్దెక్కితే మబ్బు కమ్మేస్తుంది కాబట్టి ఫుర్కియాలో చీకటితోనే లేవాలి.

జంతువుల విషయంలో గోముఖ్ దారిలో భరల్ (కొండల్లో తిరిగే అడవి గొర్రె) మందలు సులువుగా కనిపిస్తాయి. రంగు రాళ్లలో కలిసిపోతుంది కనుక కంటితో వెతకడం కంటే గులకరాళ్లు జారే చప్పుడు ఎటు నుంచో వినండి. మంచు చిరుత అక్కడే తిరుగుతుంది గానీ దానిమీద ఆశ పెట్టుకోవద్దు. పిండారీ అడవిలో మోనాల్ కోడి, ఈల వేసినట్టు అరుస్తూ లోయలోకి దూకుతుంది.

గోముఖ్‌కు అటవీ శాఖ పర్మిట్ తప్పనిసరి, రోజుకు 150 మందికే ఇస్తారు. రెండింటికీ మే నుంచి జూన్ మొదటివారాల దాకా, లేదా సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. వానల్లో పిండారీ దారిలో జలగలు ఒక్కటే కాదు, వంతెనలూ కొట్టుకుపోతాయి. ద్వాలీ వైపు వంతెనలు ఉన్నాయో లేదో ఖాతీలోనే అడిగి కదలండి.