పిల్లలకు అంతరిక్షం చూపించాలంటే ఏది మేలు: నౌబత్ పహాడా, శ్రీహరికోటా?

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగింది. ఆ రోజు టీవీ ముందు చప్పట్లు కొట్టిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ తర్వాత ఒకటే పాట: "శ్రీహరికోట ఎప్పుడు తీసుకెళ్తారు?" మా బంధువుల్లో, కాలనీలో ఎవరైనా ఈ సంగతి అడిగితే నేను చెప్పే వరుస ఇది: ముందు మన హైదరాబాద్‌లోని నౌబత్ పహాడ్ గుట్ట, ఆ తర్వాతే శ్రీహరికోట. చాలామంది దీన్ని తిరగేస్తారు. పెద్దదీ దూరమైనదీ గొప్పగా ఉంటుంది, ఊళ్లోదే కదా ఎప్పుడైనా పోవచ్చు అనుకుంటారు. అలా అనుకుంటూనే పిల్లలు పదో తరగతికొస్తారు, ఇక ట్యూషన్ల మధ్య ఆదివారమే దొరకదు.

ముందు దూరం లెక్క చూద్దాం. నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌కు మెట్రోలో పోవచ్చు. మియాపూర్–ఎల్బీనగర్ లైన్‌లో అసెంబ్లీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే చాలు. శ్రీహరికోట హైదరాబాద్ నుంచి దాదాపు 550 కిలోమీటర్లు. గూడూరు మీదుగా చెన్నై వెళ్లే దారిలో సూళ్లూరుపేటలో దిగి, అక్కడి నుంచి పులికాట్ సరస్సు మధ్యగా వేసిన రోడ్డు మీద దీవిలోకి వెళ్లాలి. పొద్దున బయలుదేరి రాత్రికి ఇంటికొచ్చే ప్రయాణం కాదు. ఒక్క రోజే చేతిలో ఉందంటే పోటీ ఇక్కడే తేలిపోయినట్టు. కానీ రెండు మూడు రోజులు కుదిరినా నేను మొదట నౌబత్ పహాడే అంటాను. అందుకు కారణం దూరం కాదు.

ఆ గుట్ట మీద ప్లానిటోరియాన్ని, అంటే గుమ్మటం లోపల ఆకాశాన్ని చూపించే హాలును, 1985 సెప్టెంబరు 8న అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. సైన్స్ మ్యూజియం 1990లో వచ్చింది. ఇస్రో సహకారంతో ఏర్పాటైన అంతరిక్ష మ్యూజియం 2019లో తెరుచుకుంది. మూడూ ఒకే ఆవరణలో ఉన్నా పిల్లల మీద మూడూ ఒకేలా పనిచేయవు. నా ఓటు ముందు ప్లానిటోరియానికి.

ఎందుకంటే హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లలు ఆకాశాన్ని సరిగ్గా చూడలేదు. వీధి దీపాలు, హోర్డింగుల వెలుతురులో పాలపుంత అసలు కనపడదు. గుమ్మటం కింద దీపాలన్నీ ఆరిపోయి నెత్తి మీద చుక్కలు నిండిపోగానే పక్క సీట్లోంచి ఒక "అబ్బా!" వినిపిస్తుంది చూడండి, అది ఏ రాకెట్ నమూనా ముందూ రాదు. నాయనమ్మనో తాతయ్యనో తప్పకుండా వెంట తీసుకెళ్లండి. వాళ్లకు ఈ ఆకాశం పాత చుట్టం. పెళ్లిలో చూపించే అరుంధతి సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కన సన్నగా మెరిసే చుక్క. చూపు బాగున్న వాళ్లకు రెండూ విడివిడిగా కనిపిస్తాయి. పంచాంగంలోని రోహిణి ఎర్రగా మెరిసే అల్డెబరాన్. కృత్తికలు గుంపుగా ఉండే ప్లయాడీస్. ఆర్ద్ర బెటెల్‌గూస్, చిత్త స్పైకా, స్వాతి ఆర్క్‌ట్యూరస్, జ్యేష్ఠ అంటారిస్. "నీది స్వాతి నక్షత్రం కదరా, అదిగో అదే" అని పెద్దావిడ చూపిస్తే పిల్లవాడు దాన్ని మరి మర్చిపోడు. జాతక చక్రంలో పేరుగా మాత్రమే విన్నది నిజంగా మండుతున్న ఒక సూర్యుడని తెలియడం చిన్న విషయమా!

ఇక్కడే ఇంకో చిన్న తూకం. షోలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేర్వేరు సమయాల్లో ఉంటాయి. పిల్లలు ఇంగ్లీషు మీడియం కదా అని చాలామంది ఇంగ్లీషు షోకే టికెట్ తీసుకుంటారు. నేను తెలుగు షోనే తీసుకోమంటాను. ఇంటిల్లిపాదీ ఒకే మాట విన్నప్పుడే బయటికొచ్చాక ఒకరినొకరు అడుగుతారు. పిల్లలకు ఇంగ్లీషు పేర్లు స్కూల్లో ఎలాగూ వస్తాయి. చుక్కల తెలుగు పేర్లు ఇంట్లో కాకపోతే ఇంకెక్కడ వస్తాయి?

ప్లానిటోరియం తర్వాత అంతరిక్ష మ్యూజియం. దీన్ని చాలామంది ఇరవై నిమిషాల్లో చుట్టేసి ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నాకు బాధ కలిగించేది అదే. అక్కడి రాకెట్, ఉపగ్రహ నమూనాల విలువంతా ముందు నిలబడి అడిగే ప్రశ్నల్లో ఉంది. మన రాకెట్లను తూర్పు తీరం నుంచే ఎందుకు వదులుతారు? భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. శ్రీహరికోట దగ్గర ఆ వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పుకు వెళ్లే రాకెట్‌కు అది ఉచితంగా అందే ఊపు. పైగా ముందు సముద్రం, విడిపోయిన భాగాలు ఊళ్ల మీద పడవు. మరి ఇస్రో రాకెట్ పీఎస్ఎల్వీ ఉపగ్రహాన్ని ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యలో పెట్టాలంటే దక్షిణానికి వెళ్లాలి కదా? దారిలో శ్రీలంక ఉంది. దాని మీదుగా పోకుండా రాకెట్ గాల్లోనే మలుపు తిరగాలి, ఆ మలుపుకు ఇంధనం ఖర్చు. చిన్న రాకెట్లకు ఆ ఖర్చు మరీ బరువు. అందుకే తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రం కడుతున్నారు. ఐదో తరగతి పిల్లలకు గ్లోబు చూపించి చెబితే ఇది ఇట్టే అర్థమవుతుంది.

ఇంకోటి. 1969లో అమెరికా అపోలో 11 నాలుగు రోజుల్లో చంద్రుడి మీద దిగితే చంద్రయాన్-3కు 40 రోజులెందుకు పట్టింది? మనం వెనకబడ్డామని పిల్లలు అనుకుంటారు. కాదు. అపోలోను మోసిన సాటర్న్ 5 రాకెట్ బరువు దాదాపు 2,900 టన్నులు, చంద్రయాన్-3ను మోసిన మన ఎల్వీఎం3 బరువు 640 టన్నులు. చిన్న రాకెట్‌తో పోవాలంటే భూమి చుట్టూ తిరుగుతూ కక్ష్యను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, చివరికి చంద్రుడి వైపు మళ్లాలి. నెమ్మదిగా, పొదుపుగా వెళ్లే దారి అది. మంగళయాన్ కూడా 2013 నవంబరు 5న బయలుదేరి ఇలాగే కక్ష్య పెంచుకుంటూ వెళ్లి, 2014 సెప్టెంబరు 24న అంగారకుడి కక్ష్యలో చేరింది. ఆ ప్రాజెక్టు ఖర్చు 450 కోట్ల రూపాయలు. ఇవన్నీ నమూనా పక్కన బోర్డు మీద రాసి ఉండవు. తల్లిదండ్రులు ముందురోజు కాస్త చదువుకుని రావాలి. ఆ అరగంట శ్రమ టికెట్ డబ్బు కంటే విలువైనది.

సైన్స్ మ్యూజియం గురించి ఎక్కువ చెప్పను. మీటలు నొక్కి చూసే నమూనాలు చిన్నపిల్లలకు హుషారు. అక్కడ తప్పక చూడాల్సింది కోటసారస్ అస్థిపంజరం. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన డైనోసార్ అది. 1988లో శాస్త్రవేత్త యాదగిరి దానికి ఆ ఊరి పేరు కలిపి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాన్ని చూడగానే పిల్లలు "ఉల్క పడి చచ్చిపోయింది ఇదేనా?" అంటారు. కాదని చెప్పండి. ఉల్క పడింది 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట. ఈ జీవి అంతకు పది కోట్ల ఏళ్లకు పైగా ముందే గోదావరి లోయలో తిరిగింది.

ఇప్పుడు శ్రీహరికోట. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. అక్కడ దొరికేది మరే మ్యూజియంలోనూ దొరకదు. ప్రయోగం రోజున లాంచ్ వ్యూ గ్యాలరీలో కూర్చుంటే దూరంగా నిప్పు కనిపిస్తుంది, రాకెట్ లేస్తుంది, చప్పుడు మాత్రం ఉండదు. శబ్దం కిలోమీటరు దాటడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. వెలుగు కనపడిన క్షణం నుంచి లెక్కపెట్టమని పిల్లలకు ముందే చెప్పాలి. లెక్క పూర్తయ్యేసరికి ఆ గర్జన వచ్చి ఛాతీకి తగులుతుంది. పదిహేను అంతస్తుల భవనమంత ఎత్తున్న, 320 టన్నుల పీఎస్ఎల్వీ అలా లేచిపోవడం కళ్లారా చూసిన పిల్లవాడికి న్యూటన్ మూడో సూత్రం మళ్లీ బట్టీ పట్టించక్కర్లేదు. గ్యాలరీ పక్కనే అంతరిక్ష మ్యూజియం, నిలువెత్తు రాకెట్ నమూనాలున్న రాకెట్ గార్డెన్ ఉన్నాయి. ప్రవేశం ఉచితమే కానీ షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) వెబ్‌సైట్‌లో ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. నమోదు మొదలైతే సీట్లు తొందరగా అయిపోతాయి.

కానీ రాకెట్ మన సెలవులు చూసుకుని ఎగరదు. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగాన్ని 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపేశారు. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కూడా ఆ రాత్రి అక్కడే ఉన్నారు. సాంకేతిక లోపం సరిచేసి వారం తర్వాత, జూలై 22 మధ్యాహ్నం ప్రయోగించారు. ఆపడమే సరైన నిర్ణయం, ఆ జాగ్రత్త వల్లే రాకెట్ బతికింది. కానీ దూరాల నుంచి వచ్చిన కుటుంబాలకు వారం రోజులు అక్కడే ఆగడం కుదరదు కదా. అంతా సవ్యంగా జరిగినా కళ్ల ముందు జరిగేది కొద్ది నిమిషాలే. మబ్బు పడితే అదీ తగ్గుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు అంత ప్రయాణం, ఎండలో అంతసేపు ఎదురుచూపు, ఆ పైన ఆ కొద్ది నిమిషాలు. వాళ్లకు గుర్తుండేది అలసటే అవుతుందేమోనని నా భయం.

అయినా వెళ్లాలనుంటే దాన్ని ఒంటరి ప్రయాణంగా పెట్టుకోకండి. మనవాళ్లు తిరుమల ఎలాగూ వెళ్తుంటారు. ఆ ప్రయాణానికి ప్రయోగం తేదీ కలిసేలా చూసుకుంటే, రాకెట్ వాయిదా పడినా దర్శనం దక్కుతుంది. చలికాలమైతే పులికాట్‌లో రాజహంసలు కనిపిస్తాయి, నేలపట్టు పక్షుల కేంద్రం దగ్గరే. టెన్షన్ లేకుండా ఎదురుచూడటానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తట్టలేదు.

ఈ రెండింటికీ పైసా ఖర్చు లేని మూడో తోడు ఒకటుంది, మన డాబా. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, దాదాపు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టి వస్తుంది. కొన్ని రోజుల్లో తెల్లవారకముందో, చీకటి పడగానేనో హైదరాబాద్ మీదుగా మిణుకుమనకుండా సాగే చుక్కలా కనిపిస్తుంది. ఏ సమయానికి ఏ దిక్కునో నాసా వారి 'స్పాట్ ది స్టేషన్' యాప్ చెబుతుంది. 2025 జూన్‌లో బయలుదేరిన శుభాంశు శుక్లా ఉండి వచ్చింది అందులోనే అని చెబితే పిల్లలు చెయ్యి ఊపకుండా ఉండరు. ధ్రువ నక్షత్రం కూడా ఇక్కడి నుంచే వెతకొచ్చు. హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీలు కాబట్టి ఉత్తరాన దిగంతం నుంచి సుమారు 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి పిడికిలి పెడితే సుమారు పది డిగ్రీలు. పిడికిలిన్నర కంటే కాస్త పైన చూడాలి. ప్లానిటోరియం చూసొచ్చిన రాత్రే ఈ పని పెట్టుకోండి, అక్కడ చూసినవి ఇంకా కళ్లలోనే ఉంటాయి.

ఇక ఎవరికి ఏది అంటారా? ఐదేళ్ల నుంచి పదేళ్ల పిల్లలున్న ఇళ్లకు, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నౌబత్ పహాడే, సందేహం లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఆటోలో గుట్ట పైదాకా తీసుకెళ్లండి. చేరగానే తెలుగు షో టికెట్ తీసుకుని, మిగతా మ్యూజియాలను ఆ సమయానికి తగ్గట్టు సర్దుకోండి. ప్లానిటోరియానికీ మ్యూజియానికీ టికెట్లు వేర్వేరు. సాయంత్రం పక్కనే ఉన్న బిర్లా మందిర్‌కు వెళ్తే ఫోన్లు లోపలికి అనుమతించరని ముందే గుర్తుంచుకోండి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలుంటే, వాళ్లు ఇప్పటికే ఇస్రో వార్తలు వెతికి చదువుతుంటే, శ్రీహరికోట ముందుకు వస్తుంది. ఎదురుచూడటం వాళ్లకు చేతనవుతుంది, వాయిదా పడితే ఎందుకు పడిందో తెలుసుకోవాలనీ ఉంటుంది. 2022 నవంబరు 18న హైదరాబాద్ సంస్థ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ అక్కడి నుంచే ఎగిరిందనీ, దేశంలో ఒక ప్రైవేటు సంస్థ చేసిన మొదటి రాకెట్ ప్రయోగం అదేననీ వాళ్లకు చెప్పండి. తొమ్మిదో తరగతి చదివేవాళ్ల కోసం ఇస్రో 2019 నుంచి యువిక అనే శిక్షణ కార్యక్రమం నడుపుతోంది. ఎంపికైన పిల్లలు ఇస్రో కేంద్రాల్లోనే ఉండి నేర్చుకుంటారు. మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లో పిల్లవాడో ఉంటే, టూర్ బుక్ చేసే ముందు ఆ దరఖాస్తు సంగతి ఇస్రో వెబ్‌సైట్‌లో చూడండి.