షుగర్ మాత్రా, వారం ఇంజెక్షనా? ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకు ఏది మేలు

మా ఫ్రిజ్ తలుపులో నిమ్మకాయ పచ్చడి సీసా వెనక మౌంజారో పెన్ను ఉంటుంది. అది మా తోడికోడలిది. నేను అక్కా అని పిలుస్తాను. నా మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పు మాత్రం పోపుల పెట్టె పక్కనే, అన్నం తిని లేవగానే కంటపడేలా. ఇద్దరికీ ఎండోమెట్రియోసిసే. నాది ఎడమ ఓవరీలో చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి, ఆవిడది పేగుల దాకా పాకిన రకం. నేను రోజూ 2 మి.గ్రా. డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర వేసుకుంటాను. ఆవిడ గర్భనిరోధక మాత్రలు గ్యాప్ లేకుండా వాడుతుంది. వాటికి తోడు ఇవి: నాకు షుగర్ బోర్డర్‌లో ఉందని మెట్‌ఫార్మిన్, ఆవిడకు బరువు ఎక్కువైందని టిర్జెపటైడ్ అనే వారం ఇంజెక్షన్, మౌంజారో అంటే అదే.

ఇంటికొచ్చిన చుట్టాలు అడిగేది ఒకటే. "మా అమ్మాయికీ చాక్లెట్ సిస్టేనట, మీ ఇద్దరి మందుల్లో ఏది మంచిదే?"

ముందు చెప్పాల్సింది, ఈ రెండూ ఎండోమెట్రియోసిస్ మందులు కావు. ఆ జబ్బుకని వీటికి ఆమోదం లేదు. పీసీఓడీకి మెట్‌ఫార్మిన్ ఇస్తారు కదా, ఇదీ గర్భసంచి గొడవే కదా అని చాలామంది కలిపేస్తారు. పీసీఓడీలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం పెద్ద సంగతి, అందుకే అక్కడ షుగర్ మాత్రకు పని ఉంది. ఎండోమెట్రియోసిస్‌లో గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట ఎక్కడెక్కడో అతుక్కుని, ఈస్ట్రోజెన్ హార్మోన్ తింటూ, చుట్టూ వాపు పుట్టిస్తుంది. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు. అయినా రెండూ వేరు.

మరి ఈ ఆశ ఎక్కడినుంచి వచ్చింది? మెట్‌ఫార్మిన్ విషయంలో ల్యాబ్ నుంచి. ఎండోమెట్రియోసిస్ కణాల మీద వేసి చూస్తే వాపు రసాయనాలు తగ్గాయి, ఆ కణాలు సొంతంగా ఈస్ట్రోజెన్ తయారు చేసుకునే అరోమటేజ్ అనే ఎంజైమ్ నెమ్మదించింది. ఎలుకల్లో గడ్డలు చిన్నవయ్యాయి. ఆడవాళ్ల మీద జరిగినవి మాత్రం చిన్న ట్రయల్సే. ఇంజెక్షన్ల వైపు ఆధారం ఇంకా తక్కువ. వాటి మీద ఆశంతా బరువు తగ్గడం, ఒంట్లో వాపు తగ్గడం అనే రెండింటి నుంచి పుట్టిందే.

ఆ బరువు వాదన నాకు మొదట్లో బాగా నచ్చింది. కొవ్వులోనూ ఈస్ట్రోజెన్ తయారవుతుంది, కొవ్వు తగ్గితే జబ్బుకు మేత తగ్గుతుంది అని. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ గడ్డలు తమ ఈస్ట్రోజెన్ తామే చేసుకోగలవు. పైగా చాలా సర్వేల్లో ఈ జబ్బు సన్నగా ఉండే ఆడవాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. కాబట్టి 48 కిలోల అమ్మాయికి నొప్పి తగ్గుతుందని బరువు ఇంజెక్షన్ ఇప్పించడం నా దృష్టిలో తప్పే. గడ్డలు కరుగుతాయో లేదో గానీ కండ మాత్రం కరుగుతుంది. ఈ జబ్బుకే ఇచ్చే, ఎముకలను పలచబరిచే ల్యూప్రోలైడ్ లాంటి హార్మోన్ ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లయితే ఇంకా జాగ్రత్త పడాలి.

రోజువారీ బతుకులో అసలు తేడా తెలిసేది కడుపు దగ్గర. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ల కడుపు మామూలు కడుపు కాదు. పొద్దున సరిపోయిన చుడీదార్ నాడా సాయంత్రానికి కోసుకుపోతుంది. ఆ కడుపులోకి ఈ మందులు రెండు దారుల్లో దిగుతాయి. మెట్‌ఫార్మిన్ మొదటి వారాల్లో విరేచనాలు, గ్యాస్ తెస్తుంది. 500తో మొదలుపెట్టి, భోజనంతో పాటు వేసుకుంటూ, నెమ్మదిగా కరిగే రకానికి మారాక నాకు సర్దుకుంది. టిర్జెపటైడ్, అదే తరహా వారం ఇంజెక్షన్ సెమాగ్లుటైడ్ అలా కాదు. అవి కడుపు ఖాళీ అవడాన్నే ఆలస్యం చేస్తాయి. వికారం, మలబద్ధకం. పేగుల మీద జబ్బు ఉన్నవాళ్లకు మలబద్ధకం అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.

అక్క శనివారం రాత్రి ఇంజెక్షన్ వేసుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటుంది. సోమవారానికి పొట్ట డప్పులా ఉబ్బుతుంది. "ఇది జబ్బు ముదిరిందా, మందు చేస్తోందా?" అని ఒకటే టెన్షన్. చివరికి వంటింటి గోడమీది తిథుల క్యాలెండరే జవాబు చెప్పింది. ఇంజెక్షన్ రోజుకు ఎర్ర చుక్క, పొట్ట ఉబ్బితే అడ్డగీత, నడుం కింద పోటు వస్తే నిలువుగీత. రెండు నెలలు గడిచేసరికి అడ్డగీతలన్నీ ఎర్ర చుక్కల వెనకే వరసగా నిలబడ్డాయి. నిలువుగీతలు మాత్రం చుక్కలతో సంబంధం లేకుండా తమ దారిన తాము ఉన్నాయి. బరువు ఆరు కిలోలు తగ్గింది, పోటు ఉన్నచోటే ఉంది. గైనిక్ డాక్టర్‌కు ఆ క్యాలెండర్ కాగితాలే చూపించింది.

మెట్‌ఫార్మిన్‌కూ దాని దొంగచాటు పని ఉంది. ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది. మాంసం తినని ఇళ్లలో అది ముందే తక్కువ. తగ్గితే కాళ్లలో తిమ్మిర్లు. ఎండోమెట్రియోసిస్‌లో నొప్పి కాళ్లలోకి దిగడం మామూలే కాబట్టి, అదే అనుకుని ఊరుకుంటాం. ఏడాదికోసారి బీ12 పరీక్ష చేయించుకుంటే ఆ అయోమయం ఉండదు.

ఇక అందరూ దాటేసే సంగతి. టిర్జెపటైడ్ కడుపును నెమ్మదింపజేసేసరికి గర్భనిరోధక మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. 5 మి.గ్రా. ఒక్క డోసుకే రక్తంలో ఆ మాత్ర ఈస్ట్రోజెన్ చేరే గరిష్ఠ స్థాయి 59 శాతం తగ్గిందని దాని లేబుల్‌లోనే ఉంది. అందుకే మొదలుపెట్టాక 4 వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో 4 వారాలు కండోమ్ లాంటిది తోడు ఉండాలి, లేదా మింగక్కర్లేని పద్ధతికి మారాలి. సెమాగ్లుటైడ్‌తో, మెట్‌ఫార్మిన్‌తో ఈ పేచీ లేదు. అయితే డైనోజెస్ట్ మింగిన మూడు నాలుగు గంటల్లోపు వాంతి అయినా, విరేచనాలు పట్టుకున్నా ఇంకో మాత్ర వేసుకోవాలి. ఇది ఏ మందు మీద ఉన్నవాళ్లకైనా వర్తిస్తుంది. నాకు మెట్‌ఫార్మిన్ మొదటి వారంలో ఎవరూ చెప్పలేదు. మధ్యలో స్పాటింగ్ మొదలయ్యాక, డైనోజెస్ట్ డబ్బాలోని కాగితం మడతలు విప్పి చదివితే తెలిసింది.

పిల్లల కోసం చూస్తున్నవాళ్లకు లెక్క తేలికే. సెమాగ్లుటైడ్ 2 నెలల ముందే, టిర్జెపటైడ్ కనీసం నెల ముందు ఆపాలని బ్రిటన్ మందుల సంస్థ చెబుతుంది. మెట్‌ఫార్మిన్‌ను గర్భం వచ్చాక కూడా అవసరమైతే డాక్టర్లు కొనసాగిస్తారు. ఐవీఎఫ్ తేదీలు చేతిలో పెట్టుకుని ఇంజెక్షన్ మొదలుపెట్టడం బుద్ధి తక్కువ పని. ల్యాప్రోస్కోపీ ఉంటే మత్తు డాక్టర్‌కు ఇంజెక్షన్ సంగతి తప్పక చెప్పాలి, కడుపులో తిండి మిగిలి ఉంటే ప్రమాదం.

డబ్బు సంగతికొస్తే పోలికే లేదు. 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు మౌంజారో 2.5 మి.గ్రా. వయల్ 3,500 రూపాయలు, 5 మి.గ్రా.ది 4,375. వారానికి ఒకటి. నా మాత్ర కొన్ని రూపాయలు. సెమాగ్లుటైడ్ పేటెంట్ ఇక్కడ 2026 మార్చి వరకే. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ సహా చాలా కంపెనీలు జనరిక్స్‌కు సిద్ధపడ్డాయి కాబట్టి ఆ వైపు ధర వేరే కథ.

నిజంగా ఈ జబ్బు కోసమే పరీక్షిస్తున్న మెటబాలిక్ మందు ఇంకొకటి ఉంది, డైక్లోరోఅసిటేట్. పిల్లల్లో వచ్చే అరుదైన మెటబాలిక్ జబ్బులకు వాడిన పాత మందు అది. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ల పొత్తికడుపు పొరలో లాక్టేట్ ఎక్కువగా తయారవుతుందని ఎడిన్‌బరో యూనివర్సిటీ పరిశోధకులు గమనించి, దాన్ని తగ్గించేందుకు ఈ మందు ఎంచుకున్నారు. 100 మందితో ట్రయల్ చేస్తామని 2023లో ప్రకటించారు. హార్మోన్ కాని మందు కావడం దాని ఆకర్షణ. మందుల షాపులో అడగొద్దు, దొరకదు, దొరికినా వద్దు.

చుట్టాలకు నేను చెప్పేది ఇదీ. షుగర్ బోర్డర్‌లో ఉన్నా, పీసీఓడీ కూడా ఉన్నా మెట్‌ఫార్మిన్, అలాంటివాళ్లు త్వరలో పిల్లలు కావాలనుకున్నా అదే. బరువు వల్ల మోకాళ్లు, బీపీ, షుగర్ ఇబ్బంది పెడుతుంటే ఇంజెక్షన్ దాని పని అది చేస్తుంది, పేగుల జబ్బు ఉంటే మాత్రం డోసు మెల్లగా పెంచాలి. ఇవేవీ లేకుండా నొప్పి ఒక్కటే ఉంటే రెండూ వద్దు. డైనోజెస్ట్ లాంటి హార్మోన్ మందో, అవసరమైతే ఆపరేషనో, దాని గురించే డాక్టర్‌తో తేల్చుకోవాలి.

అక్కకు వచ్చే నెల డోసు 5 నుంచి 7.5కు పెంచుతామన్నారు. ఆ లోపే గర్భనిరోధక మాత్ర మానేసి, గర్భసంచిలో పెట్టే హార్మోన్ పరికరం మిరేనా వేయించుకుంటానంది. "కడుపుతో దానికేం పని ఉండదుగా" అంటూ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ నీలం పెన్నుతో సున్నా చుట్టింది.