సేల్స్‌ఫోర్స్ క్లాసిక్ నుంచి లైట్నింగ్‌కి మారి ఆరేళ్లు: ఒక అడ్మిన్ అనుభవం

మా కంపెనీ ఆసుపత్రులకు ల్యాబ్ మెషీన్లు అమ్ముతుంది, వాటి సర్వీసు కూడా చూస్తుంది. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో, బ్రాంచీలు విజయవాడ, వైజాగ్, వరంగల్‌లో ఉన్నాయి. దాదాపు 140 మంది పొద్దున్నుంచి సాయంత్రం దాకా సేల్స్‌ఫోర్స్‌లోనే పని చేస్తారు. కస్టమర్లు, అమ్మకాలు, సర్వీసు వివరాలన్నీ ఒకచోట పెట్టుకునే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ అది. దాన్ని సెట్ చేసి చూసుకునే అడ్మిన్‌ని నేను. 2019లో దాని పాత స్క్రీన్లయిన క్లాసిక్ నుంచి కొత్త స్క్రీన్లయిన లైట్నింగ్‌కి మారాం. ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం ఒక్కటే. లైట్నింగ్ మంచిదే, కానీ అది మన ఆఫీసులో పని చేస్తుందా లేదా అన్నది మనం ముందు ఎవరి పక్కన కూర్చుని చూశామన్న దాన్ని బట్టి ఉంటుంది.

లైట్నింగ్ 2015లోనే వచ్చింది. క్లాసిక్‌తో పని నడుస్తోంది కదా అని నాలుగేళ్లు మేం పట్టించుకోలేదు. వింటర్ 20 అనే సేల్స్‌ఫోర్స్ అప్‌డేట్‌తో అందరికీ లైట్నింగ్ ఆన్ అవుతుందని తెలిశాక కదిలాం. క్లాసిక్‌ను తీసేయలేదు, కావాలంటే వెనక్కి వెళ్లొచ్చు. అయినా సగం మంది ఇక్కడ, సగం మంది అక్కడ ఉంటే నాకు రెండింతల పని.

మొదట రెడీనెస్ చెక్ నడిపాను, మారడానికి మనం సిద్ధమా అని సేల్స్‌ఫోర్స్ చేసే పరీక్ష అది. ఏ పేజీ, ఏ బటన్ ఇబ్బంది పెడుతుందో చెప్పే పీడీఎఫ్ రిపోర్టు మెయిల్‌కి వస్తుంది. ఇది నిజంగా పనికొచ్చే సాధనం. జావాస్క్రిప్ట్ కోడ్‌తో రాసిన పాత బటన్లు లైట్నింగ్‌లో నడవవు. మా దగ్గర అలాంటివి ఇరవై దాకా తేలాయి. ఒక్కోదాని బదులు క్విక్ యాక్షన్, అంటే లైట్నింగ్‌లో నడిచే బటన్, పెట్టుకుంటూ పోయాను. శాండ్‌బాక్స్‌లో, అంటే అసలు డేటా జోలికి పోని ప్రయోగాల కాపీలో, టెస్ట్ చేశాం, అంతా బాగుందనుకున్నాం.

బాగా లేదని నాకు చెప్పింది విజయవాడ సర్వీసు కోఆర్డినేటర్ మేడమ్. మారిన ఆరు వారాలకు ఫోన్ చేశారు. "బాబూ, కొత్త మెషీన్లకి ఏఎంసీ తేదీ ఖాళీగా ఉంటోంది. రెన్యువల్ కాల్స్ లిస్టులోకి అవి రావట్లేదు" అన్నారు. ఏఎంసీ అంటే మెషీన్‌కి ఏటా తీసుకునే సర్వీసు ఒప్పందం. వెతికితే తెలిసింది. ఇన్‌స్టలేషన్ పూర్తయిందని నొక్కే పాత బటన్, స్టేటస్ మార్చడంతో పాటు ఏఎంసీ ముగిసే తేదీని కూడా నింపేది. దాన్ని రాసిన మనిషి ఎప్పుడో ఉద్యోగం మానేశారు. నేను స్టేటస్ ఒక్కటే చూశాను. ఆ బటన్ ఉందని రిపోర్టు చెప్పింది, దాని మీద ఎవరి పని ఆధారపడి ఉందో రిపోర్టుకు తెలిసే అవకాశం లేదు. ఆ వారం నేను పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఖాళీగా ఉన్న తేదీలన్నీ ఇన్‌స్టలేషన్ రిపోర్టులతో సరిచూసి నింపాం.

తర్వాత విజయవాడ వెళ్లి రెండు రోజులు మేడమ్ పక్కన కూర్చున్నాను. అసలు ప్రిపరేషన్ అప్పుడే మొదలైందని చెప్పాలి. క్లాసిక్‌లో రికార్డు, అంటే ఒక మెషీన్ వివరాలన్నీ, ఒకే పొడవాటి పేజీ. ఆవిడ ఫోన్ భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని, మౌస్ చక్రం తిప్పుతూ, ఏ సమాచారం ఎక్కడుందో చదవకుండానే పట్టుకునేవారు. లైట్నింగ్‌లో అదంతా ట్యాబుల్లోకి విడిపోయింది. మా పేజీల్లో ముందు సంబంధిత లిస్టులుండే రిలేటెడ్ ట్యాబ్ తెరుచుకునేది, సీరియల్ నంబర్ కోసం ప్రతిసారీ ఇంకో క్లిక్. రోజుకు అరవై, డెబ్భై కాల్స్ తీసుకునే మనిషికి ఆ ఒక్క క్లిక్ చిన్న విషయం కాదు.

అక్కడే కూర్చుని మార్చాను. డీటెయిల్స్ ట్యాబ్ ముందు తెరుచుకునేలా పెట్టాను. సీరియల్ నంబర్, ఏఎంసీ తేదీ, చివరి విజిట్ కాంపాక్ట్ లేఅవుట్ అనే సెట్టింగ్‌లో చేర్చితే పేజీ పైభాగంలోనే కనిపిస్తున్నాయి. అక్కడ మొదటి ఏడు ఫీల్డులే (సమాచారం గడులే) కనిపిస్తాయి కాబట్టి ఏవి ఉండాలో ఆవిడనే ఎంచమన్నాను. వరుసలు ఎంత దగ్గరగా ఉండాలో చెప్పే డిస్‌ప్లే డెన్సిటీని కంఫీ నుంచి కాంపాక్ట్‌కి మార్చాం, ఖాళీ జాగా తగ్గి ఒక చూపులో ఎక్కువ వరుసలు కనిపించాయి. ఈ సెట్టింగ్ సంగతి చాలామందికి తెలియదు. ఇంకేం చేయకపోయినా ఇదొక్కటి చేయండి.

వేగం గురించి అడుగుతారు. క్లాసిక్ పేజీ సర్వర్‌లో తయారై వచ్చేది, లైట్నింగ్‌లో పని చాలావరకు మన బ్రౌజర్ మీద పడుతుంది. బ్రాంచీల్లో 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లు ఉండేవి, పైగా నేను ఒక్కో పేజీలో చార్టులు, లిస్టులు కుక్కేశాను. 8 జీబీ చేసి, అరుదుగా చూసేవాటిని రెండో ట్యాబ్‌లోకి తోశాక పేజీలు చకచకా తెరుచుకున్నాయి. ల్యాప్‌టాప్‌ల బడ్జెట్ ముందే అడగండి, మారాక అడిగితే ఆలస్యమవుతుంది.

ట్రైనింగ్‌కి సేల్స్‌ఫోర్స్ వాళ్ల ఆన్‌లైన్ పాఠాల సైటు ట్రైల్‌హెడ్ ఉచితం, అడ్మిన్లకు చాలా మంచిది. బయట తిరిగి పని చేసే మా వాళ్లకు మాత్రం అందులో ఉన్న ఉదాహరణలు దూరంగా అనిపించాయి. శాండ్‌బాక్స్‌లో మా ఆసుపత్రుల లాంటి రికార్డులు పెట్టి, అరగంట చొప్పున తెలుగులో చెప్పాం. తర్వాత ఇన్-యాప్ గైడెన్స్‌లో, అంటే స్క్రీన్ మీదే వచ్చే సందేశాల్లో, చిన్న సూచనలు కూడా తెలుగులోనే రాశాను. అప్పటి నుంచి నాకు ఫోన్లు బాగా తగ్గాయి.

సేల్స్‌ఫోర్స్‌లోనే ఉండే లైట్నింగ్ యూసేజ్ యాప్ చూస్తూ ఉండేవాణ్ణి. ఎవరెవరు క్లాసిక్‌కి తిరిగి వెళ్తున్నారో అందులో తెలుస్తుంది. వాళ్లకు ఫోన్ చేసి ఎందుకు వెళ్లారని అడిగేవాణ్ణి, ఒక్కరినీ తప్పుపట్టలేదు. దాదాపు ప్రతి ఫోన్‌లోనూ సరిచేయాల్సింది ఏదో ఒకటి బయటపడేది. అలా ఐదు నెలలు గడిచాకే వెనక్కి వెళ్లే లింకు దాచాను.

డీల్స్‌ను దశలవారీగా నిలువు వరుసల్లో కార్డులుగా చూపే కాన్‌బాన్ సేల్స్ వాళ్లకు ఎంత నచ్చిందంటే, వైజాగ్ టీమ్ సోమవారం మీటింగే దాని ముందు పెట్టుకుంటుంది. డీల్‌ను ఒక దశ నుంచి ఇంకో దశకు లాగితే చాలు. లిస్టులోనే ఫీల్డు మార్చుకోవడం కూడా బాగుంది. ఇవి చూస్తే క్లాసిక్‌కి తిరిగి వెళ్లాలనిపించదు.

రెండు పాత విజువల్‌ఫోర్స్ పేజీలు, అంటే క్లాసిక్ రోజుల్లో కోడ్‌తో రాయించుకున్నవి, ఇంకా మిగిలాయి. లైట్నింగ్‌లో తెరుచుకుంటాయి, కానీ పాత రూపంలోనే. వాటిని జనవరిలో మారుద్దామనుకుంటున్నాం, నెలాఖరు రోజులు వదిలేసి. దానికి ముందు విజయవాడకు టికెట్ తీసుకోవాలి. మేడమ్ ఆ పేజీలతో ఏం చేస్తారో నేనింకా చూడలేదు.