అమెరికా మెయిన్ రాష్ట్రం అడవిలో రెండు క్యాంపులు, ఒక ఎలుగు

మాది పలాస పక్కన ఊరు. ఉద్దానంలో పుట్టినవాడికి ఎలుగు కొత్త కాదు. తెల్లవారుజామున జీడితోటకు వెళ్తే పక్కనున్నవాళ్లతో గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లాలని చిన్నప్పుడే నేర్పారు. పనసపండు ముగ్గిన సంగతి మనకంటే ముందు దానికే తెలుస్తుంది. 2022లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు మనుషుల మీద పడిన సంగతి మావాళ్లు ఇంకా మర్చిపోలేదు. అందుకే బోస్టన్‌లో మా ఆఫీసు మిత్రుడు "విల్లుతో ఎలుగు వేటకు వస్తావా? చెట్టెక్కడం లేదు, నేల మీదే కూర్చోవడం" అన్నప్పుడు సరేనన్నాను గానీ, అమ్మకు ఫోన్‌లో చెప్పే ధైర్యం చాల్లేదు. ఇప్పటికీ చెప్పలేదు.

అమెరికా నల్ల ఎలుగు మన ఎలుగు లాంటిది కాదు. మనది బెదిరితే మీదకొస్తుంది, ఇది ఎక్కువసార్లు పారిపోతుంది. మన దగ్గర ఎలుగు వేట నేరం. మెయిన్ రాష్ట్రంలో ఏటా సీజన్ పెట్టి లైసెన్సులు ఇస్తారు. ఎర పెట్టి వేటాడే సీజన్ ఆగస్టు చివరి సోమవారం మొదలై నాలుగు వారాలుంటుంది. ఈ పద్ధతి ఆపాలా వద్దా అని 2004లో, మళ్లీ 2014లో జనం చేత ఓటు వేయించారు. రెండుసార్లూ ఆపొద్దనే తీర్పు వచ్చింది. డోనట్లు పెట్టి పిలిచి కొట్టడం కూడా వేటేనా అని నాకూ అనిపించింది. పది అడుగుల అవతల ఏముందో కనపడని ఆ అడవిలో, జంతువు కాసేపు ఒకచోట నిలబడితేనే అది మగదో పిల్లల తల్లో చూసుకునే వీలుంటుందని అక్కడి వేటగాళ్లంటారు. సగం ఒప్పుకున్నాను.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాలేదు. వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టం చిక్కులు పెడుతుంది, విల్లుకు ఆ చట్టం వర్తించదు. విల్లు వేట కోర్సు సర్టిఫికెట్, వేట లైసెన్సు, ఎలుగు పర్మిట్ ఉంటే చాలు. అమెరికా పౌరులు కానివాళ్లకు మెయిన్‌లో లైసెన్సు రకమే వేరు, దాని పేరు 'ఏలియన్'. హెచ్-1బీ మీద పదేళ్లు నలిగినవాడికి ఆ మాట కొత్తేం కాదులెండి.

మొదటి ఏడాది మూస్‌హెడ్ సరస్సు వైపు, గ్రీన్‌విల్ దాటాక ఉన్న ఒక క్యాంపుకి వెళ్లాం. బోస్టన్ నుంచి బాంగోర్ నాలుగు గంటలు, అక్కడి నుంచి ఇంకో గంటన్నర. ఆదివారం వేట నిషేధం కాబట్టి అన్ని ప్యాకేజీలూ ఒకే తీరు: ఆదివారం చేరడం, సోమవారం నుంచి శనివారం దాకా కూర్చోవడం. బస చూస్తే కళ్లు చెదిరాయి. దుంగల ఇల్లు, వేడినీళ్లు, వైఫై, రాత్రికి స్టేకు. ఫోన్‌లో "ఎలుగు గ్యారంటీ" అన్నారు. ఆ మాటకే పడిపోయాం.

పన్నెండు మంది వేటగాళ్లకు ఇద్దరే గైడ్లు. ఎలుగుకి కనపడకుండా నన్ను కూర్చోబెట్టిన మాటు గుడారం ఆ మధ్యాహ్నమే వేశారు, మడతలు కూడా పోలేదు. రోజూ తిరిగే దారిలో కొత్త వస్తువు కనపడితే ఎలుగు ఊరుకోదు, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. పైగా కిటికీ పడమటికి. సాయంత్రం ఆరింటికి ఎండ నేరుగా మొహం మీద పడుతోంది. నాకు బయటేం కనపడదు గానీ, బయట దేనికైనా నేను దీపం పెట్టినట్టు కనపడతాను. గాలి నా వీపు మీద నుంచి ఎర పీపా వైపు వీస్తోందని రెండో రోజు చెప్తే, "అలవాటైపోతుంది" అన్నాడు గైడు. అలవాటు నాకా, ఎలుగుకా? నాలుగో రోజుకి పీపాలో ఎర కూడా అయిపోయింది, మళ్లీ నింపిన నాథుడు లేడు. ఆరు సాయంత్రాల్లో నేను చూసింది ఒక నక్క, లెక్కలేనన్ని దోమలు. శనివారం రాత్రి గ్యారంటీ సంగతి అడిగితే, "వచ్చే ఏడాదికి పది శాతం తగ్గిస్తాం" అన్నారు.

రెండో ఏడాది దూరం పెరిగినా సరేనని అరూస్టుక్ కౌంటీలో ఆష్‌లాండ్ వైపు వెళ్లాం. ఇది కలప కంపెనీల అడవి. గేటు దగ్గర రుసుము కట్టి లోపలికి వెళ్తే మట్టిరోడ్లే. కలప లారీ ఎదురొస్తే మారుమాట లేకుండా పక్కకు తప్పుకోవాలి, ఆ రోడ్డు వాటిదే. సిగ్నల్ ఉండదు. బస కూడా అంతంతమాత్రం: కిర్రుమనే మంచాలు, బయట మరుగుదొడ్డి, సాయంత్రం జనరేటరు ఆపేస్తే చీకటే. భోజనం బీన్సూ బ్రెడ్డూ. ఆవకాయ సీసా తీసుకెళ్లబట్టి బతికాం. డబ్బు మొదటిదానికంటే కాస్త తక్కువ, ఉన్నది నలుగురమే.

అయితే గైడు వేరు. అరవై దాటిన మనిషి. ఫోన్‌లోనే, "ఈసారి అడవిలో పండ్లు బాగా కాశాయి, ఎరకి సరిగా రావట్లేదు, ఆలోచించుకుని రండి" అన్నాడు. చేరగానే సామాను దించనివ్వకుండా కుర్చీ వేసి, "కూర్చునే వెయ్యి, చూద్దాం" అన్నాడు. నిలబడి అరవై పౌన్ల బిగువున్న విల్లు సునాయాసంగా లాగేవాణ్ని, కూర్చుంటే భుజం వణికింది. యాభైకి తగ్గించాడు. తర్వాత గుడారం కిటికీలోంచి వేయించాడు. విల్లుకి బిగించిన సైటులో (గురి చూసే పరికరం) గురి స్పష్టంగా ఉంది. బాణం మాత్రం కిటికీ కింది అంచు గుడ్డని చీల్చుకుంటూ పోయింది. కన్ను చూసే చోటికంటే బాణం కొన్ని అంగుళాలు కిందుగా బయల్దేరుతుంది కదా, ఆ తేడా నాకు తట్టనే లేదు. ఆయన నవ్వలేదు. కుర్చీ కింద పలక పెట్టి ఎత్తు సరిచేశాడు. వారం మొత్తంలో నా డబ్బుకి అసలు విలువ దక్కింది ఆ గంటలోనే.

మాటు గుడారం సీజన్‌కి మూడు వారాల ముందే వేసి, చుట్టూ ఫర్ చెట్టు కొమ్మలు గుచ్చాడు. పీపా 16 గజాల దూరంలో. వెనక కిటికీలన్నీ మూసి, నల్ల చొక్కా, నల్ల చేతి తొడుగులు వేసుకోమన్నాడు. చెట్టు మీద మంచె అయితే వాసన పైనుంచి పోతుంది, నేల మాటులో ఆ సౌకర్యం లేదు. అందుకే రెండు మాట్లు పెట్టి, గాలిని బట్టి రోజూ మధ్యాహ్నం ఏది అనేది తేల్చేవాడు. బుధవారం గాలి రెండిటికీ సరిపడక మమ్మల్ని చేపలు పట్టుకోమని పంపేశాడు. ఒళ్లు మండింది, నిజమే.

శుక్రవారం ఏడింటికి వచ్చింది. చప్పుడు లేదు. అంత బరువున్న జంతువు ఎండుటాకుల మీద నడుస్తుంటే కుక్క నడిచినంత అలికిడైనా ఉండాలి కదా. పీపా పక్క ఖాళీ చోటు ఒక్కసారిగా నల్లబడింది, అంతే. చెవులు తలకి రెండు పక్కలా చిన్నగా, దూరదూరంగా ఉన్నాయి. పెద్దదని అదే గుర్తు. వీపు పీపా పైఅంచు దాకా ఉంది. ముక్కు నా వైపు ఎత్తి నిలబడింది. ఎదురుగా ఉన్నప్పుడు వెయ్యకూడదు. గుండె నా చెవుల్లో కొట్టుకుంటోంది. అది పక్కకు తిరిగి, ముందుకాలు చాచే దాకా నాలుగు నిమిషాలు పట్టిందని తర్వాత గడియారం చూసి లెక్కేశాను. అప్పుడు లాగి వదిలాను.

ఒక్క ఊపులో పొదల్లో పడి మాయమైంది. కాసేపటికి లోపలి నుంచి సన్నగా, దీర్ఘంగా ఒక మూలుగు. గైడు చెప్పి ఉన్నాడు, అది వినపడితే అయిపోయినట్టేనని. ఆ శబ్దం నాకు నచ్చలేదు. ఆయన వచ్చాక కూడా అరగంట ఆగి, లైట్లతో వెతికాం. కొవ్వూ బొచ్చూ రక్తాన్ని పీల్చేసుకుంటాయి, నేల మీద చుక్కలు చాలా తక్కువ. అరవై గజాల్లో దొరికింది.

మర్నాడు రిజిస్ట్రేషన్ చేయించి, వయసు తేల్చడానికి పన్నొకటి ఇచ్చాం. చెట్టు వలయాల్లాగే పన్నులో ఏటా ఒక గీత పడుతుందట. మాంసం కోయించి ఐసు పెట్టెల్లో సర్దడానికి విడిగా కట్టాం, ప్యాకేజీలో అది లేదని ముందే చెప్పారు కాబట్టి పేచీ లేదు.

మా ఆవిడ ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు. గరాజ్‌లో పాత ఫ్రీజరు కొన్నాను, ఆ ఖర్చు కూడా ఈ యాత్ర లెక్కలోనే రాసుకోవాలి. ఎలుగు మాంసంలో ట్రైకినెల్లా పురుగు ఉండొచ్చు, గడ్డకట్టించినా చావకపోవచ్చు. లోపలి వేడి 74 డిగ్రీలు దాటాలి. మనం ఎలాగూ రోస్టు తినం కాబట్టి అల్లం వెల్లుల్లి దట్టించి కుక్కర్లో ఆరు విజిల్స్ పెట్టాను, వాకిట్లో గ్యాసు పొయ్యి మీద. పంది మాంసానికీ మేక మాంసానికీ మధ్య రుచి. కొవ్వు తీసేస్తే వాసన లేదు. మిత్రుడు రెండుసార్లు వడ్డించుకున్నాడు. వచ్చే ఏడాదికి ఆష్‌లాండ్‌లో రెండు చోట్లు చెప్పి ఉంచాం, ఈసారి మంచి పరుపులు మేమే తీసుకెళ్తాం.